అవ్వ పేరు మీద బియ్యం

మొన్న ఆదివారం పొద్దున మేస్త్రి పోయాడని పాలమూరు నుంచి ఫోనొచ్చింది. చేసినవాడు ఆయన అన్న కొడుకు. ఒకప్పుడు ఇక్కడే సింగపూర్‌లో, బూన్ లే డార్మిటరీలో మేస్త్రి పక్క మంచం మీద పడుకుని, అదే షిప్‌యార్డులో ఆయనతో కలిసి పరంజాలు కట్టినవాడు. ఇప్పుడు ఊళ్లో ట్రాక్టరు తోలుకుంటున్నాడు. చావు కబురు రెండు ముక్కల్లో చెప్పేసి అసలు సంగతికి వచ్చాడు.

"సార్, ఒక్క మాట అడుగుత. పెద్దాయన ఏటా పెత్రమాసకు మా నాయినమ్మ పేరు మీద ఒక చాటెడు, ఆ అరుణాచలం అవ్వ పేరు మీద ఒక చాటెడు బియ్యం ఇచ్చెటోడు. ఒక్క ఏడు తప్పలే. ఇగ మేం ఇయ్యాల్నా, వద్దా? మాకేం ఎర్కలేదు. ఆ అవ్వ ఊరు చూసొచ్చినోనివి నువ్వొక్కనివే గదా."

"రేపు చెప్తాను" అన్నాను.

రేపు కాస్తా మూడు రోజులయింది. మూడు రోజులు ఆలోచించాల్సిన ప్రశ్నా అది? పితరుల అమావాస్యకు పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తారు, బతికున్నవాళ్ల పేరు మీద ఇవ్వరు. కానీ ఆ అవ్వ పోయిందన్న కబురు పుట్టించింది నేను. నా నోటితో అనలేదు, తల వంచుకున్నాను, అంతే. అందుకే జవాబు చెప్పలేక కూచున్నాను.

మేస్త్రిని నేను మొదట చూసింది శ్రీరామనవమి భోజనాల దగ్గర. ఐటీ వాళ్లం పట్టిందల్లా బంగారమవుతున్న రోజులవి. క్లెమెంటిలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని నలుగురం ఉండేవాళ్లం. నలుగురికీ మెడలో కొత్త కెమెరాలు. ఎక్కడికన్నా ఎవరూ పోని చోటికి పోవాలి, ఫోటోలు తీయాలి, ఆఫీసులో చూపించాలి. ఆ రోజు భోజనాల బల్ల మీద ఒక పత్రిక పెట్టుకుని అరుణాచల్ ప్రదేశ్ బొమ్మలు చూస్తున్నాం. ఒక బొమ్మలో ముసలావిడ ముఖం మీద పచ్చబొట్టు గీతలు, ముక్కుకు రెండు పక్కలా నల్లటి బిళ్లలు. "సీసాకి బిరడా పెట్టినట్టుందిరా" అన్నాడు మా వాడొకడు. అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

పప్పుచారు వడ్డిస్తున్న మనిషి బకెట్ కింద పెట్టాడు. నల్లగా, సన్నగా, కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. నలభై అయిదేళ్లుంటాయేమో.

"నవ్వకు సారూ" అన్నాడు. "ఆ అవ్వలు నా పాణం నిలబెట్టినోళ్లు."

మాది బెజవాడ. ముక్కూమొహం తెలియనివాణ్ణి "నువ్వు" అనడం నాకు చిరాకేసింది. వాళ్ల వైపు అది చనువే తప్ప చులకన కాదని తరవాత తెలిసింది. ఆయన మాత్రం ఎవరి చిరాకూ పట్టించుకోకుండా పక్క బల్ల వైపు కదిలాడు. అక్కడెవరో ఉప్పు అడిగితే విస్తట్లో వేయకుండా నేరుగా అరచేతిలో పెట్టాడు. సెరంగూన్ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె కోప్పడింది. "ఉప్పు చేతికిస్తారటయ్యా ఎక్కడన్నా? గొడవలొస్తాయి."

"ఏం గాదమ్మా. ఉప్పు చేతిలో పెడితే మనిషి మల్ల వస్తడు" అన్నాడు మేస్త్రి.

ఆ మాట నా చెవిన పడింది. అంతకు మించి నాకేం పట్టలేదు. ఇక్కడినుంచే మొదలయింది నా పాపం.

తరవాత ఆదివారాలు నేనే బూన్ లే వెళ్లేవాణ్ణి. ప్రేమతో కాదు, దారి కనుక్కోవడానికి. హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర టీ తాగుతూ ఆయన చెప్పేవాడు. ఇరవై ఏళ్లప్పుడు పాలమూరు లేబరు గుంపుతో అరుణాచల్‌లో జిరో అనే ఊరి వైపు రోడ్డు పనికి పోయాడట. బండలు పేల్చే పని. ఒక బండ దొర్లి కాలి మీద పడింది. గుంపు ముందుకు పోయింది, ఈయన ఉండిపోయాడు. కొండ కింద పల్లెలో ఒక ముసలావిడ తన ఇంట్లో పడుకోబెట్టి, వెదురు బద్దలు కట్టి, మూడు నెలలు సాకింది. ఆవిడ భాష ఈయనకు రాదు, ఈయన భాష ఆవిడకు రాదు. "మూణ్ణెల్లు మాట లేకుండనే మాట్లాడుకున్నం సారూ" అనేవాడు. ఆవిడ వరిమళ్లలోనే చేపలు పెంచేదట. ఏవో ఆకులు కాల్చి, బూడిద వడగట్టి, కాచి నల్లటి ఉప్పు బిళ్లలు చేసేదట.

నేను అడిగేది వేరు. "ఆ ఊరికి జీపు పోతుందా? పచ్చబొట్ల ముసలమ్మలు ఇంకా ఉన్నారా? ఫోటో తీయనిస్తారా?" ఉప్పు గురించి ఆయన ఎన్నిసార్లు ఎత్తుకున్నా నేను మాట మార్చేవాణ్ణి. ఉప్పుతో నాకేం పని?

మేస్త్రికి కొన్ని అలవాట్లుండేవి. ఎక్కడ కూర్చోబోయినా ముందు మడమతో నేలను రెండుసార్లు తట్టేవాడు. రాయి గుల్లదో గట్టిదో చూసుకోవడం ఆ రోడ్డు పనిలో అబ్బిందట. సింగపూర్ సిమెంటు నేలను కూడా నమ్మేవాడు కాదు. ఎత్తు మీటర్లలో చెప్పేవాడు కాదు, మనిషి నిలువుల్లో చెప్పేవాడు. మా క్లెమెంటి బ్లాకు చూసి "ఇరవై నిలువులుంటది" అన్నాడు. ఒకసారి బుకిట్ తిమా తీసుకెళ్లి, ఇదే సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ అంటే, నడుం మీద చెయ్యేసుకుని అటూ ఇటూ చూశాడు. "ఇది గుట్టనా సారూ? దీన్ని మా అవ్వ పొద్దుగాల చీపురుతోని ఊడ్చి పారేస్తది." తిండి ముందు మాత్రం ఎడమ అరచేతిలో చిటికెడు ఉప్పు వేసుకుని నాలికకు తాకించుకునేవాడు. ఎందుకని నేను అడగలేదు.

మా ప్రయాణం ఖాయమయ్యాక ఒక ఆదివారం మేస్త్రి పెద్ద మూట తెచ్చాడు. విప్పితే నల్ల గొంగడి. సెలవు మీద ఊరికి పోయినవాడితో చెప్పి, గొర్రెలు కాసే కురుమల దగ్గర నేయించి తెప్పించాడట.

"అవ్వ అడిగింది సారూ అప్పుడు. నేను కప్పుకున్న గొంగడి ముట్టి చూసి, వాసన చూసి, నాకియ్యి అన్నట్టు సైగ చేసింది. మా అమ్మ కప్పింది గదా అని ఇయ్యలే. కాలు బాగు చేసిన మనిషికి ఒక్క గొంగడి ఇయ్యలేకపోతిని. ఇరవై అయిదేండ్లయింది, ఇంక గుచ్చుకుంటనే ఉన్నది. నువ్వు పోతున్నవ్ గదా. జర అవ్వ మీద కప్పి రా."

"తప్పకుండా మేస్త్రీ" అన్నాను. గొంగడి నాలుగు కిలోలుంది. ఇల్లంతా గొర్రె వాసన. మా వాళ్లు ముక్కులు మూసుకున్నారు. అయినా మోశాను, ఆ మాట ఒప్పుకోవాలి. అక్కడిదాకా మోశాను.

ఆ లోయ అందం గురించి చెప్పే అర్హత నాకు లేదు. పైన్ చెట్లు, అద్దంలా నిలిచిన వరిమళ్లు, వెదురు ఇళ్ల మధ్య నుంచి లేచే పొగ, అన్నీ మేస్త్రి చెప్పినట్టే ఉన్నాయి. మేం అయిదు రోజులు కెమెరాలు వదల్లేదు. ముసలమ్మలు మమ్మల్ని చూడగానే ముఖం తిప్పుకునేవారు. దూరం నుంచి లెన్సు పెట్టి తీశాం. ఒకావిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంటే, చేతుల ఫోటో బాగా వచ్చిందని మెచ్చుకున్నాం.

అవ్వ పల్లెకి వెళ్దామనుకున్నది ఆఖరి రోజు. వాన. పెద్ద రోడ్డు మీంచి పల్లె దారికి తిరగ్గానే జీపు చక్రం బురదలో కూరుకుపోయింది. డ్రైవరు అక్కడివాడే, యాభై ఏళ్ల మనిషి, హిందీ బాగా వచ్చు. దిగి చూసి, "చక్రం కింద వెయ్యడానికి గరుకు గుడ్డేమైనా ఉందా?" అన్నాడు.

ఎవరూ నన్ను అడగలేదు. నేనే మూట విప్పి గొంగడి ఇచ్చాను. నా జాకెట్ కూడా అక్కడే ఉంది. అది కొత్తది.

చక్రం గొంగడి మీద రెండు మూడుసార్లు గిర్రున తిరిగి, దాన్ని నమిలినట్టు నమిలి, పైకొచ్చింది. డ్రైవరు దాన్ని బురదలోంచి ఎత్తి పట్టుకుని చూశాడు. ఇది ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఎప్పుడో రోడ్డు కూలీకి కాలు కట్టిన ముసలమ్మకని, ఆ కూలీ పంపాడని. అతను నా వంక ఒకసారి చూసి, "ఆవిడ ఇల్లు అదిగో. నడిస్తే పావుగంట" అన్నాడు.

"టైము లేదు" అన్నాను. బురద గొంగడితో ఏ మొహం పెట్టుకుని వెళ్లనని నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. వాన తెరిపిచ్చింది, కొండ మీద వెలుతురు బాగుంది, మా వాళ్లు తొందరపెడుతున్నారు. వెనక్కి తిప్పమన్నాను. గొంగడి ఏమయిందో కూడా చూడలేదు.

తిరిగొచ్చిన ఆదివారం బూన్ లే హాకర్ సెంటర్‌లో మేస్త్రి నా కోసం ముందే వచ్చి కూచున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మామూలుగా వేసుకోడు.

"కలిసినవా సారూ?"

"కలిశాను మేస్త్రీ."

"కప్పుకున్నదా?"

"కప్పుకుంది."

"వాసన జూసిందా?"

"చూసింది. నవ్వింది కూడా."

సిగ్గు లేకుండా ఎన్ని చెప్పానో. ఇంట్లో పొయ్యి ఎక్కడుందో చెప్పాను. టీ ఇచ్చిందన్నాను. కాలు ఎలా ఉందని సైగ చేసిందన్నాను. ఆయన ఒక్కొక్క మాటకీ తలూపుతూ, పసిపిల్లాడిలా ముందుకు జరిగి వింటున్నాడు. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"పోయి వస్తా అన్నంక, నీ చేతిలో ఏం పెట్టింది?"

"చేతిలోనా? ఏమీ పెట్టలేదే. దండం పెట్టింది."

మేస్త్రి చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టాడు. మడమతో నేలను తట్టాడు, ఒకసారి, రెండోసారి.

"సారూ" అన్నాడు, గొంతు తగ్గించి. "అవ్వ గడప దాటే ఏ మనిషినీ చేతిలో ఉప్పు పెట్టకుండ పంపదు. శత్రువైనా సరే. ఉప్పు పెడితే మల్ల వస్తరని. నన్ను పంపిననాడు మా దిక్కు చేతికి ఉప్పు తీసుకోరని చెయ్యి వెనక్కి గుంజుకుంటే, నా పిడికిలి ఇప్పించి మరీ పెట్టింది." నా మొహంలోకి చూశాడు. "అవ్వ పోయింది గదా. నాకు చెప్పలేక ఇట్ల కతలు చెప్తున్నవు గదా."

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క వాక్యం చాలు. "నేను వెళ్లలేదు మేస్త్రీ" అంటే అయిపోయేది, తిడితే తిట్టేవాడు. నేను తల వంచుకున్నాను. సిగ్గుతో వంచుకున్నాను. ఆయన దాన్ని అవుననుకున్నాడు.

నా భుజం మీద చెయ్యి వేసి, "మంచోనివి సారూ. ఎవడు చేస్తడు ఇంత" అన్నాడు.

ఆ వారమే మేస్త్రి గుండు కొట్టించుకున్నాడు. పదకొండో నాడు సెలవు పెట్టి, డార్మిటరీ వెనక కాలువ పక్క గడ్డిలో దినం చేశాడు. నన్ను పిలిచాడు. ఆఫీసులో పని ఉందని ఎగ్గొడదామనుకుని, ఎందుకో వెళ్లాను. అన్న కొడుకు వంట చేశాడు. పదిమంది పాలమూరు మనుషులు, వాళ్లెవరూ చూడని ఒక కొండ ముసలమ్మ కోసం తలలు వంచి నిలబడ్డారు. అరిటాకు ముక్కలో ముద్ద పెట్టి కాకి కోసం చూశాం. కాకి రాలేదు. మైనాలు ఒకటే గోల చేస్తూ దిగాయి. మేస్త్రి తువ్వాలుతో వాటిని తోలుతూ, చెట్ల వంక చూస్తూ, "రా అవ్వా" అని పిలుస్తూ గంటసేపు నిలబడ్డాడు. అక్కడికి ఆకాశంలో కాకులు లేకా కాదు. ఒక్కటీ వాలలేదు.

"అవ్వ మనసుల ఏదో ఉన్నది" అన్నాడు చివరికి. "నాకెర్కనే. గొంగడి అడిగితే ఇయ్యలే. ఆ కోరికతోనే పోయింది. పోయినంక పంపితే ఏమొస్తది?"

కాకి ఎందుకు ముట్టలేదో అక్కడ నాకొక్కడికే తెలుసు. బతికున్న మనిషి పిండం కాకి మాత్రం ఎందుకు ముడుతుంది? అయినా విస్తరి ముందు కూచుని భోంచేశాను. చింతపండు పులుసు బాగుందని కూడా అన్నాను.

రెండు నెలల తరవాత క్లెమెంటి ఫ్లాటుకు ఒక పార్శిల్ వచ్చింది. జీపు డ్రైవరు పంపాడు. టూరు ఏజెంటు దగ్గర నా అడ్రసు అడిగి తీసుకున్నాడట. లోపల ఎండుటాకులో చుట్టిన నల్ల ఉప్పు బిళ్ల, దాని మీద హిందీలో చిన్న చీటీ. గొంగడిని ఇంటికి పట్టుకుపోతే వాళ్లావిడ ఉతికి కుట్టిందట. అతను స్వయంగా తీసుకెళ్లి ముసలమ్మకు ఇచ్చాడట. ఆవిడ వాసన చూసి గుర్తుపట్టిందట. కప్పుకునే తిరుగుతోందట. ఈ ఉప్పు గొంగడి పంపిన మనిషి చేతిలో పెట్టమందని, ఇంకా కుంటుతున్నాడా అని అడిగిందని రాశాడు.

నేను అల్లినవన్నీ నిజమయ్యాయి. వాసన చూడటం, కప్పుకోవడం, కాలు గురించి అడగడం, అన్నీ. అవ్వ బతికే ఉంది. గొంగడి చేరింది. కోరిక తీరింది. మేస్త్రికి ఈ మాట చెబితే ఎగిరి గంతేస్తాడు. చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

ఆదివారం ఉప్పు జేబులో వేసుకుని బూన్ లే వెళ్లాను. నిజంగా చెప్పాలనే వెళ్లాను. డార్మిటరీ గేటు దగ్గర మేస్త్రి కొత్తగా వచ్చిన మనుషులతో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది. వాళ్లతో అన్నాడు, "ఈ సారే. చావు కబురు చెప్తే నాకు యాడ నొస్తదో అని కడుపుల దాచుకున్న మనిషి. సదువుకున్నోళ్లల్ల ఇసుంటోళ్లు ఉండరు." వాళ్లు నాకు నమస్కారాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఉప్పు బిళ్ల జేబులో తొడకు గుచ్చుకుంటూనే ఉంది. టీ తాగి, ట్రైనెక్కి వచ్చేశాను.

మళ్లీ ఆదివారం చెబుదామనుకున్నాను. ఆ తరవాత ఆదివారం. తరవాత ప్రాజెక్టు, ప్రమోషను, పెళ్లి. ఏడాది తిరిగేసరికి మేస్త్రి పర్మిట్ అయిపోయింది. వెళ్లేముందు ఫోను చేశాడు. మీటింగులో ఉన్నానన్నాను. లేను. కిటికీ దగ్గర ఊరికే నిలబడి ఉన్నాను.

ఉప్పు ఇంకా ఉంది. ఈ ఊరి చెమ్మకి మెత్తబడుతుందని మూత బిగించిన గాజు సీసాలో పెట్టాను. మూడు ఇళ్లు మారినా వెంట తెచ్చాను. ఇప్పుడు సెరంగూన్ ఇంట్లో వంటగది పై అరలో ఉంది. మా ఆవిడ అదేదో ఆయుర్వేదం మందనుకుంటుంది. మా అమ్మాయి అర సర్దినప్పుడల్లా "డాడీ, దిస్ వన్ త్రో అవే లా" అంటుంది. వద్దంటాను. ఎందుకంటే చెప్పను.

నిన్న సాయంత్రం మళ్లీ ఫోను చేసింది ఆ అబ్బాయే. నేను చేస్తానని ఎదురు చూసీ చూసీ విసిగినట్టున్నాడు. సీసా దించి ముందు పెట్టుకుని మాట్లాడాను. ఇవాళ చెప్పేద్దామనే దించాను. అవ్వ అప్పటికి బతికే ఉంది, గొంగడి కప్పుకుంది, మీ పెద్దాయనకు ఉప్పు పంపింది. మేస్త్రికి కాకపోయినా ఆయన మనిషికైనా చెప్పాలి.

"సార్, పెద్దాయన ఆఖరికి గూడ అవ్వనే యాది చేసిండు" అన్నాడు. "పైకి పోతే అవ్వ ముందుగాల నా చేతిలో ఉప్పు పెడ్తది, తర్వాత గొంగడి ఎందుకియ్యలేదురా అని అడుగుతది, ఏం జెప్పాలెరా అని ఒకటే రంది. అవ్వ నిన్ను అడగదులే చిన్నాయినా అని నేనే సముదాయించిన. ఇగ చెప్పు సార్. బియ్యం ఇయ్యాల్నా?"

ఇప్పటికి ఆవిడకు తొంభై దాటి ఉంటాయి, పోయే ఉంటుందిలే అని నా బుర్ర లెక్క వేసింది. ఆ లెక్కన నేను చెప్పబోయేది అబద్ధం కాకపోవచ్చు కూడా. ఇన్నేళ్లయినా అది ఇలాంటి లెక్కలే వేస్తోంది.

"సార్? ఉన్నవా?"

"ఉన్నాను" అన్నాను. "ఇవ్వండి. ఇద్దరి పేరు మీదా ఇవ్వండి."

"నువ్వు చెప్పినవంటే ఇంక డౌటు లేదు సార్" అని పెట్టేశాడు.